నీడల చదువు

చదువురాని వానికి తాటాకు పుస్తకమైనను తాటాకు విసనకఱ్ఱయైనను ఒక్కటియే యని మా గురువుగారు పరిహాసమాడుచుండెడివారు. ఇప్పుడు మన యిండ్లలోనికి మనము చదువనేరని పుస్తకమొకటి విరివిగా వచ్చి చేరుచున్నది. అదియే ఎక్స్‌రే పటము, స్కానింగు పటము. బీరువాలో పట్టుచీరల క్రిందను, మంచముపై పరుపుక్రిందను, అటకమీదను, ఆసుపత్రి పేరుగల పెద్ద కవరులలో ఇవి పడియుండును. ఇటీవల సెల్‌ఫోనులలో సైతము కాపురముండుచున్నవి. వానికై వేలకొలది రూపాయలు వెచ్చింతుము. తీయించినంతనే సగము రోగము కుదిరినట్లు తలంతుము. కాని ఆ పటములో నేమున్నదో, దాని నెట్లు చదువుదురో, చదువువానికి మనవలన గావలసిన సాయమేమో ఆలోచింపము. ఈ విషయమును గూర్చి ఒక బడిపంతులు వ్రాయుట కొందఱికి వింతగా దోపవచ్చును. నేను వైద్యుడను గాను. కాని చదువు అను పని యెట్టిదో, అది పిల్లల కెట్లు అలవడునో ఇరువదియేండ్లుగా చూచుచున్నవాడను. ఈ పటములను గ్రహించుటయు ఒక చదువే యనియు, దానికిని అక్షరములు, వ్యాకరణము, అభ్యాసము కలవనియు నాకు తెలిసినపిమ్మట ఆ సంగతి గృహస్థులకు జెప్పవలెనని తోచినది.

1895వ సంవత్సరము నవంబరు 8వ తేదీన జర్మనీదేశమున వుర్జ్‌బర్గు నగరమందు విల్‌హెల్మ్ రాంట్‌జన్ అను భౌతికశాస్త్రాచార్యుడు, గాలి తీసివేసిన గాజుగొట్టములో విద్యుత్తును ప్రసరింపజేసి పరిశోధించుచుండెను. నల్లని యట్టతో కప్పియున్నను ఆ గొట్టమునుండి యేవో కిరణములు వెలువడి, కొంతదూరముననున్న రసాయనము పూసిన తెఱను వెలిగించుట ఆయన గమనించెను. వాని స్వభావము తెలియనందున, గణితమున తెలియని రాశికి వాడు ఎక్స్ అను అక్షరమునే వానికి పేరుగా నుంచెను. ఆ డిసెంబరు 22వ తేదీన తన భార్య చేతిని ఆ కిరణముల కడ్డముగా నుంచి పటము తీసెను. మాంసము మసకగాను, ఎముకలు స్పష్టముగాను, వ్రేలి యుంగరము అన్నిటికంటె దట్టముగాను కనబడెను. 1901లో భౌతికశాస్త్రమున మొట్టమొదటి నోబెలు బహుమానము ఆయనకే లభించినది. తాను కనుగొన్నదానికి పేటెంటు తీసికొనక లోకమునకు విడిచిపెట్టిన ఆ మహనీయుని ఔదార్యమువలననే ఆ విద్య యంత శీఘ్రముగా దేశదేశముల వ్యాపించినది.

ఆ చేతి పటము ఫొటో కాదు. ఇది మొదట గ్రహింపవలసిన సంగతి. ఫొటోలో వస్తువుల పైభాగమునుండి తిరిగివచ్చిన వెలుగు పడును. ఎక్స్‌రేలో కిరణములు దేహముగుండ దూసికొనిపోవును. లోపలి పదార్థములు వానిని ఎంతెంత అడ్డగించునో అంతంత నీడ పడును. గాలి అడ్డగింపదు గనుక నల్లగా నుండును. క్రొవ్వు కొంచెము బూడిదవన్నె. నీరు, నెత్తురు, మాంసము అంతకంటె తెలుపు. ఎముక తెల్లన. లోహము మఱింత తెల్లన. ఈ యైదు వన్నెలే ఈ చదువునకు అక్షరములు. మఱియు నీడకు లోతు లేదు. దండెముమీద ఒకదానివెనుక నొకటి ఆరవేసిన రెండు చీరలను ఎండ కెదురుగా జూచినచో రెండింటి పూవులును కలిసి యొక్క చీరవలెనే కనబడునుగదా! అట్లే ఱొమ్మున ముందరి ప్రక్కటెముకలు, వెనుకటి ప్రక్కటెముకలు, గుండె, వెన్నెముక, అన్నియు నొకదానిపై నొకటి పడి యొక్కరేకులో నిలుచును. అందుచేత ముందునుండి యొకటియు ప్రక్కనుండి యొకటియు తీయవలసివచ్చును. రెండవ పటము వ్రాసియిచ్చిన వైద్యుడు ధనముకొఱకే వ్రాసెనని యనుమానించువారు ఈ దండెపు చీరలను జ్ఞప్తియందుంచుకొనవలెను.

నాకీ సంగతులు తెలిపినవాడు నా పూర్వశిష్యుడొకడు. ఎనిమిదవ తరగతిలో శబ్దమంజరి వల్లించుటకు మొఱాయించిన బాలుడే పెరిగి పెద్దవాడై వైద్యవిద్య ముగించి, రేడియాలజీయందు పై పట్టమునకు జదువుచున్నాడు. ఒక వేసవి సెలవులలో మా యూరికి వచ్చినప్పుడు సాయంకాలములందు మా యరుగుమీద కూర్చుండి, తన కంప్యూటరు తెఱపై పటములు చూచి చదువుకొనుచుండెడివాడు. నేనును ప్రక్కన గూర్చుండి ప్రశ్నించుట ప్రారంభించితిని. మొదటిదినముననే "ఇందులో రోగ మెక్కడనున్నది నాయనా?" యని యడిగితిని. అందులకతడు నవ్వి, "మాస్టారూ! ముందు రోగమును వెదకకూడదండీ. మా ప్రొఫెసరుగారు మొదట కొన్ని నెలలపాటు ఆరోగ్యవంతుల పటములే చూపించారు. మంచి దేహము కంటికి అలవాటైతేగాని చెడినది కనబడదు" అనెను.

నే నామాటకు నివ్వెఱపడితిని. తప్పులతో నిండిన వ్యాసములనే చదివి మంచిభాష నేర్చిన విద్యార్థిని నే నెన్నడును చూడలేదు. అమరము, శబ్దములు, కావ్యములు నోటను చెవిని నిండినపిమ్మట అపశబ్దము దానంతటదియే ముల్లువలె గుచ్చుకొనును. ఈ వైద్యవిద్యయందును క్రమ మదియేనట! వారు మొదట నేర్చునది రోగముల పట్టికకాదు, దేహపటములందలి శరీరశాస్త్రము. శవమును కోసి నేర్చిన శరీరశాస్త్రమునే మరల నీడరూపమున నేర్చుకొనవలెను. కోసిచూచినప్పుడు గుండె చేతికి తగులును. పటములో గుండె యన్నది ఒక తెల్లని నీడ, దానిచుట్టు నొక గీత. ఆ గీతలో కుడివైపు వంపు ఏ గది, ఎడమవైపు పైనున్న చిన్న బొడిపె ఏ నాళము అని గుఱుతింపవలెను.

పటమును చేతబట్టుట నేర్చుటయే మొదటి పాఠము. రోగి మన కెదురుగా నిలిచినట్లు దానిని జూడవలెను. అప్పుడు వాని కుడిచేయి మన యెడమవైపున నుండును. అందులకే పటముపై కుడి యెడమల గుఱుతుంతురు. గుఱుతు చూడక తిప్పిపట్టినచో గుండె కుడివైపున నున్నట్లు కనబడును. నిజముగా గుండె కుడివైపున నుండువారును అరుదుగా గలరు. కావున ఊహకు దావులేదు, గుఱుతే ప్రమాణము.

ఱొమ్ము పటము తీయునప్పుడు రోగిని పలకకు ఱొమ్మానించి నిలువబెట్టి, భుజములు ముందుకు వంచుమని, నిండుగా ఊపిరి పీల్చి బిగబట్టుమని యేల చెప్పుదురో మనలో పెక్కుమంది యెఱుగరు. గుండె ఱొమ్ముముందువైపున నున్నది. వెనుకనుండి కిరణములు వచ్చి ముందున్న పలకపై పడినచో గుండెనీడ దాదాపు దాని పరిమాణముననే యుండును. మంచముమీద పరుండబెట్టి ముందునుండి తీసినచో, దీపమునకు దగ్గఱగాను గోడకు దూరముగాను ఉంచిన చేతినీడవలె గుండె పెద్దదిగా కనబడును. నిలువబడి తీయించుకొన్న పెద్దవారి పటమున గుండె వెడల్పు ఱొమ్ము లోపలి వెడల్పులో సగమునకు మించకుండుట సామాన్యము. భుజములు వంచుట రెక్కయెముకలు ఊపిరితిత్తులపైనుండి తొలగుటకు. ఊపిరి నిండినచో విభాజక పటలము క్రిందికి దిగి వెనుకటి ప్రక్కటెముకలు తొమ్మిదో పదియో పైన కనబడును. సగము ఊపిరితో తీసిన పటమున ఊపిరితిత్తులు నొక్కబడి, లేని రోగము నున్నట్లు భ్రమ గొలుపును. అనగా రోగి నిలిచిన తీరుకూడ పటములోని యక్షరమే. "ఊపిరి పీల్చి పట్టండి" అను పనివాని కేక మనకు విసుగు గలిగించును గాని, ఆ క్షణమున మనము చేయు సాయ మంతయు అదియే.

తరువాత నా శిష్యుడు ఆరోగ్యదేహమందలి యసమానతలను చూపెను. దేహము రెండువైపుల నొకేవిధముగా నుండునని తలచుట పొరపాటు. కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమదానికి రెండు. విభాజక పటలము కుడివైపున కొంచెము ఎత్తుగా నుండును. ఊపిరితిత్తి మూలము ఎడమవైపున కొంచెము ఎత్తు. ఎడమ పటలము క్రింద జీర్ణకోశములోని గాలి నల్లని బుడగవలె కనబడును. ఇవి రోగములు కావు. ఎఱుగనివాడు వీనినే చూచి బెదరును. ఎఱిగినవాడు ఇవి యున్నచోట నుండకపోయినచో బెదరును.

ఆ సాయంకాలములలో నన్ను మిక్కిలి యానందపెట్టిన పాఠ మొకటి కలదు. గుండెయంచు పటములో మనకేల కనబడుచున్నది? గుండె నీటివన్నె, దానినంటిన ఊపిరితిత్తి గాలివన్నె. రెండును భిన్నము గనుక నడుమ గీత యేర్పడినది. న్యుమోనియాచే గుండెనంటిన ఊపిరితిత్తి భాగము ద్రవముతో నిండినచో అదియు నీటివన్నెయే యగును. అప్పుడు నడుమ గీత మాయమగును. ఇది వినినంతనే "సవర్ణదీర్ఘసంధి!" యని నేనంటిని. రామ, ఆలయ అను రెండు మాటలు కలిసినప్పుడు రెండు అకారములును ఏకమై నడిమి హద్దు నశించును. అట్లే సమానమైన వన్నెగల రెండు వస్తువు లొకదాని నొకటి తాకినచో హద్దు నశించును. గుండె కుడియంచు చెఱగినచో వ్యాధి కుడి ఊపిరితిత్తి నడిమితమ్మెలో నున్నదనియు, పటలపు గీత చెఱగినచో క్రిందితమ్మెలో నున్నదనియు చెప్పవచ్చును. అమెరికా వైద్యుడు బెంజమిన్ ఫెల్సన్ 1950లో ఈ సూత్రమును విశదపఱచెను. ఉన్నదానిని జూచుట సామాన్యవిద్య; ఉండవలసిన గీత లేకుండుటను జూచుట పండితవిద్య. ఆ లేమి కనబడుటకు, అచ్చట గీత యుండవలెనని ముందు తెలిసియుండవలెనుగదా!

పసిపిల్లల ఎముకలు మఱియొక పాఠము. పెద్దవాని చేతిలో మణికట్టుతో గూడ 27 ఎముకలుండును. అందు మణికట్టున నుండు ఎనిమిదియు పుట్టినబిడ్డ పటమున సాధారణముగా కనబడవు. అప్పటి కవి మృదులాస్థి రూపమున నుండుటయే కారణము. ఏండ్లు గడచినకొలది ఒకటొకటిగా గట్టిపడి, ఆకాశమున చుక్కలు పొడసూపినట్లు పటమున పొడసూపును. వానిని లెక్కించి బిడ్డ యెముకల వయస్సును అంచనా వేయుదురు. మఱియు పెరుగుచున్న పిల్లల ఎముకల కొనలదగ్గఱ నల్లని అడ్డుగీత యుండును. అది పెరుగుదల జరుగుచోటు. పిల్లవాడు చెట్టుపైనుండి పడినప్పుడు, ఈ గీతను జూచి ఎముక విఱిగినదని ఫోనులోని పటమును చూపి యిల్లంతయు నేడ్చుటయు కలదు. దెబ్బతగిలిన చేయితోపాటు తగులని చేతినిగూడ పటము తీసి పోల్చిచూచుట కొన్ని సమయములందు అవసరమగునది యిందులకే.

ఎక్స్‌రే తరువాత వచ్చిన యంత్రములు ఈ చదువును మఱింత విస్తరింపజేసినవి. 1971వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన లండనులో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డు అను ఇంజనీరు నిర్మించిన సీటీ యంత్రముతో మొట్టమొదట ఒక రోగి తలను పటము తీసిరి. ఆయనకును, ఆ గణితమును ముందుగా నాలోచించిన అలన్ కార్మాక్‌కును 1979లో నోబెలు బహుమానము వచ్చినది. ఇది దేహమును దొండకాయను చక్రములుగా తరిగినట్లు తరిగి చూపును. నిలువుగా చీల్చిన దొండకాయను మాత్రమే యెఱిగినవానికి ఆ చక్రము కొత్తది. పైగా ఆ చక్రమును రోగి కాళ్లవైపునుండి చూచుచున్నట్లు చూడవలెను. కాలేయము మన యెడమచేతివైపున నుండును. నీటికి సున్న, గాలికి సున్నకు దిగువ వేయి అని వన్నెలకు సంఖ్యలు నియమించి, ఆ కొలతకు హౌన్స్‌ఫీల్డు పేరే పెట్టిరి. మా శిష్యుడొక చక్రముతరువాత నొకటి త్రిప్పుచుండ, మూత్రపిండ మొక చుక్కగా మొదలై, పెరిగి, చిక్కుడుగింజ యాకృతి దాల్చి, మరల చుక్కయై యడగిపోయినది. ఆ చక్రముల నన్నిటిని మనస్సులో పేర్చి నిండుదేహమును నిలుపుకొనుటయే వారి యభ్యాసము. ధ్వనితరంగములతో తీయు అల్ట్రాసౌండు, అయస్కాంతముతో తీయు ఎమ్మారై, వీని భాషలు వేఱు. ఎమ్మారైలో తెల్లన యన్నంతమాత్రమున ఎముక కాదు. కాని శరీరశాస్త్రమను వ్యాకరణము మాత్ర మన్నిటికిని ఒక్కటియే.

ఇంత అభ్యాసముగల కన్నులును ఏమఱవచ్చును. 2013లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరీక్షను నా శిష్యుడు చెప్పెను. ఊపిరితిత్తుల సీటీ పటములలో చిన్నగడ్డలను వెదకుడని 24 మంది రేడియాలజిస్టుల కిచ్చి, చివరి పటములలో ఒక గొరిల్లా బొమ్మను చేర్చిరట. అది యా గడ్డలకంటె సుమారు 48 రెట్లు పెద్దది. 24 మందిలో 20 మందికి అది కనబడలేదు! వారిని పరిహసించుటకు దీనిని చెప్పుటలేదు. మనస్సు దేనిని వెదకునో కన్ను దానినే చూచుననుట కిది నిదర్శనము. అందుచేత ఆ శాస్త్రమువారు కొన్ని నియమములు పెట్టుకొనిరి. ఒక దోషము కనబడినంతనే తృప్తిపడక పటమంతయు వరుసతప్పక చూడవలెను. జత్రుకలు అనబడు మెడయెముకల చాటు, గుండెవెనుక, పటలము క్రింద, ప్రక్కటెముకల కొనలు, ఈ మఱుగుచోట్లకు మరల పోవలెను. మఱియు రోగికథ తెలిసికొనవలెను, పాతపటముతో పోల్చవలెను. ఈ కడపటి రెండును వైద్యుని చేతిలోనివి కావు. మన చేతిలోనివి. ఇందులో మన గృహము లెట్లున్నవో మా బంధువర్గములోని యొక సంగతివలన తెలియగలదు.

నా చెల్లెలి కూతురునకు ఇరువదిరెండవ యేట దగ్గు పట్టుకొన్నది. సాయంకాలమున సన్నని జ్వరము, బరువు తగ్గుట. నెల దాటినను ఆ పిల్ల అత్తమామలుగా రాబోవువారు వినిన నేమగునోయని యింటిలో నందఱును నోరుమూసికొనిరి. సంబంధము మాటలలో నున్నది. "క్షయ యను మాట గడప దాటితే ఈ పిల్ల నెవరు చేసుకుంటారు?" అని ముసలమ్మగారి ప్రశ్న. తుదకు నా చెల్లెలు ధైర్యము చేసి, "అన్నయ్యా! నీవు తీసికొనిపో" యని నాతో పంపినది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగమున, మెడయెముక చాటున, మబ్బుతునుకవంటి తెల్లని నీడ కనబడినది. పాతరోగము మానినపిమ్మట మిగిలిన మచ్చయో, ఇప్పటి రోగమో ఒక్కపటమును జూచి రూఢిగా జెప్పుట కష్టమని, "పాత ఎక్స్‌రే యేమైన నున్నదా?" యని వైద్యు డడిగెను. లేదని యింటివారనిరి. నా మేనకోడలు మాత్రము తలవంచుకొని, "ఉన్నది మామయ్యా! నాలుగేండ్ల క్రిందట తీయించారు" అని మెల్లగా చెప్పినది.

నాలుగేండ్లక్రిందటను ఒకసారి ఎడతెగని దగ్గు వచ్చినప్పుడు, ఎవరికిని తెలియకుండ పొరుగూరికి తీసికొనిపోయి, వేఱొక పేరు వ్రాయించి పటము తీయించిరట! అప్పుడేమియు లేదని తేలినను, ఆ కవరును సైతము అటకమీద పాత యిత్తడిసామానుల మాటున దాచిరి. దానిని దించి తెచ్చితిమి. పేరు వేఱు, వయస్సు వేఱు. ఇది ఈ పిల్లదేయని వైద్యుడెట్లు నమ్మును? అప్పుడు రెండు పటములను ప్రక్కప్రక్కన బెట్టి నా శిష్యుడు ఒక్కచోట వ్రేలుంచెను. ఎడమ నాల్గవ ప్రక్కటెముక ముందుకొన పంగలకఱ్ఱవలె రెండుగా చీలియున్నది. కొందఱికి పుట్టుకతో నట్లుండును. అది రోగము కాదు, బాధయు నుండదు, జన్మమంతయు తెలియకయే గడచిపోవును. ఆ పంగ రెండు పటములందును అదే యెముకకు, అదే తీరున నున్నది. పేరు బొంకినను ఎముక బొంకలేదు. పాతపటమున కుడిపైభాగము నిర్మలముగా నున్నది. కావున ఈ మబ్బు క్రొత్తది.

పటమును జూచినంతనే క్షయయని నిశ్చయింపరు. కఫపరీక్ష చేసిరి, క్షయక్రిములు కనబడినవి. ప్రభుత్వ వైద్యశాలయందు ఉచితముగా మందులిచ్చిరి. ఆఱునెలలు ఒక్కదినము తప్పక వాడినది, కుదిరినది. మాటలలోనున్న సంబంధమువారికి ఉన్నదున్నట్లు చెప్పితిమి; వారు రామనిరి. మంచిదే యనుకొంటిమి. రెండేండ్లకు, ఆఱునెలల మందుసంగతి మొదటనే వినినవాడొకడు ఆమెను పెండ్లియాడెను. అతడు మా యింటికి వచ్చినప్పుడు ఆ రెండు పటములను అడిగి చూచినాడు. భయముచేత కాదు, ఆ పంగయెముకను చూడవలెనని.

ఇందులో నేను చెప్పదలచినది యిది. దాచుటవలన మానము దక్కునని మన పెద్దలు తలచిరి. ఆ దాపరికము వైద్యుని చేతిలోని ముఖ్యసాధనమును, అనగా పాతపటముతో పోల్చుటను, పోగొట్టుట కొంచెములో తప్పినది. అంతకంటె అనర్థము, క్రిమి గాలిలో వ్యాపించుచున్నప్పుడు నెలదినములు అందఱు నొక్కయింట ఊపిరి పీల్చుట. దగ్గు రెండువారములు మించినచో పరీక్ష చేయించుకొనుడని ప్రభుత్వము చాటుచునే యున్నది. చాటింపు వినబడినంత మాత్రమున చాలదు; ఇంటిలో ఆడపిల్ల దగ్గునకును మగపిల్లవాని దగ్గునకును ఒకే విలువ రావలెను.

గృహిణులకును గృహస్థులకును నా మనవులు కొన్ని కలవు. పాతపటములను, వానితో నిచ్చిన కాగితములను, తేదీల వరుసను ఒక్కచోట భద్రపఱచుడు. నిజమైన పేరు, నిజమైన వయస్సు వ్రాయింపుడు. వైద్యుడు కథ యడిగినప్పుడు చుట్ట త్రాగుట, పూర్వరోగములు, పడినదెబ్బలు దాపకుడు. గర్భవతియైనను, గర్భమున్నదను సందేహమున్నను, ఎక్స్‌రేకు ముందే చెప్పవలెను. కాగితము చివర "క్లినికల్ కోరిలేషన్" అవసరమని తఱచుగా వ్రాసియుండును. అది తప్పించుకొనుమాట కాదు. ఈ నీడను రోగి లక్షణములతో కలిపి చూడుడని పటము చదివినవాడు చికిత్సచేయువానికి వ్రాసిన జాబు. కావున కాగితమును మాత్రము ఫోనులో పదిమందికి బంపి పది తీర్పులు తెప్పించుకొనుట వ్యర్థము.

ఈ కిరణములను గూర్చి అతిభయమును వలదు, అతిమోహమును వలదు. ఎడిసన్ సహాయకుడైన క్లారెన్స్ డాలీ యెక్కువకాలము ఈ కిరణములలో పనిచేసి, చేతులు కోలుపోయి, 1904లో మరణించెను. అట్టివారి త్యాగమువలననే నేటి రక్షణనియమము లేర్పడినవి. ప్రకృతియందే మనకు ఏడాదికి సగటున సుమారు 2.4 మిల్లీసీవర్టుల కిరణప్రభావము కలుగుచున్నది. ఒక్క ఱొమ్ము ఎక్స్‌రేవలన కలుగునది దాదాపు 0.1, లేక అంతకు తక్కువ. కడుపు సీటీయైనచో దానికి ఎన్నో రెట్లు. కావున అవసరమైన ఎక్స్‌రేకు జంకరాదు. తలనొప్పి వచ్చినప్పుడెల్ల సీటీ తీయుమని వైద్యుని పీడింపరాదు. అల్ట్రాసౌండునందును ఎమ్మారైయందును ఈ కిరణములు లేవు.

అల్ట్రాసౌండు పేరెత్తినప్పుడు వేఱొక మాట చెప్పక తీఱదు. గ్లాస్గో నగరమున ఇయన్ డొనాల్డు అను వైద్యుడు, తన తోడివారితో గూడి, 1958లో ప్రకటించిన పరిశోధనతో ఈ విద్య ప్రసూతివైద్యమున ప్రవేశించినది. తల్లిని బిడ్డను కాపాడుటకై వచ్చిన ఆ కన్నును మనదేశమున ఆడుశిశువును గుఱుతించి తొలగించుటకు వాడిరి! 1994లో పార్లమెంటు దానిని నేరముగా నిర్ణయించి చట్టము చేసినది. 2003లో ఆ చట్టమును మఱింత గట్టిపఱచిరి. నేటికిని ప్రతి స్కానింగు గదిముందును ఆ హెచ్చరిక వ్రాసియుండుట చూచుచున్నాము. చూపు పెరిగినను బుద్ధి పెరుగనిచో ఏమగునో ఆ పలక చెప్పుచున్నది. సూక్ష్మమైన యంత్రమును సంపాదించుట సులభము. దానియెదుట నిలుచు మనస్సును సంస్కరించుటయే కష్టము.

సుశ్రుతుడు శారీరస్థానమున శవమును గడ్డితో చుట్టి, పంజరములోనుంచి, ప్రవాహజలమున ఏడురాత్రులు నాననిచ్చి, పిమ్మట మెల్లమెల్లగా తోమి ఒక్కొక్క పొరను కంటితో చూడుమని విధించెను. ప్రత్యక్షముగా జూచినదియు శాస్త్రమున జదివినదియు రెండును కలిసినప్పుడే జ్ఞానము పెంపొందునని ఆయన యభిప్రాయము. ఆయన ఎముకలు మూడువందలని లెక్కించెను. చరకుడు మూడువందల యఱువది యనెను. నేటి శాస్త్రము పెద్దవారికి 206 అనుచున్నది. దంతములను, మృదులాస్థులను గూడ ఎముకలలో చేర్చుటవలన పూర్వుల లెక్క పెరిగినది. సంఖ్య మాఱినందున పూర్వులను నిందింప బనిలేదు, వారి సంఖ్యనే పట్టుకొని కూర్చుండను బనిలేదు. చూడుమన్న వారి యాజ్ఞను మాత్రము మనము మఱచితిమి. శవమును ముట్టిన మైలయని కొన్ని శతాబ్దములు ఆ విద్యను దూరముంచితిమి. ఇప్పుడు ఎవరిని ముట్టకయే, కోయకయే, బ్రదికియున్న దేహమును చూడగల కాలము వచ్చినది.

మా పాఠశాలలో శరీరశాస్త్రపాఠము చెప్పు దినములలో తోటి యుపాధ్యాయుని యనుమతితో ఒక ఆరోగ్యవంతుని ఱొమ్ము పటమును కిటికీకి అతికించి పిల్లలకు చూపుచున్నాను. కుడి యెడమలు చెప్పింతును, ప్రక్కటెముకలు లెక్కింపజేయుదును, గుండె యంచును వ్రేలితో గీయింతును. వారిని వైద్యులను జేయుట నా యుద్దేశము గాదు. రేపు వారి యింటిలో తల్లికో చెల్లెలికో అట్టి పటము తీసినప్పుడు, దానిని శాపపత్రమువలె దాచకయు, తాయెత్తువలె నమ్మకయు, చదువదగిన పత్రమని యెఱిగి, చదువగలవాని యొద్దకు సకాలమున, సత్యమైన పేరుతో తీసికొనిపోవుదురేని నా పాఠము ఫలించినట్లే.